ఆరు వారాల వంతు: పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు బహిరంగ లేఖ

గ్రామ సంఘాల, మండల సమాఖ్యల అధ్యక్షురాళ్లకు, పొదుపు సంఘాల లీడర్లకు, సభ్యులందరికీ నమస్కారం.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఆడవాళ్లకు వార్డులోనూ, డిశ్చార్జి తర్వాత ఇళ్ల దగ్గరా సాయపడే నర్సులం, ఫిజియోథెరపిస్టులం మేము. ఈ ఉత్తరం ఏ మంత్రిగారికో, కమిషనర్‌గారికో కాకుండా మీకే రాస్తున్నాం. ఆపరేషన్ ఖర్చు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ చూసుకుంటాయి. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, గుంటూరులోనో, తిరుపతిలోనో ఆపరేషన్ అవుతుంది. నాలుగైదు రోజులకు ఆమె చంక పక్క నుంచి ఒక గొట్టం, దాని చివర ఒక సీసాతో ఊరికి వచ్చేస్తుంది. అక్కడి నుంచి ఆరు వారాల పాటు ఆమె బిందె ఎత్తకూడదు, దుప్పట్లు పిండకూడదు, సిలిండర్ జరపకూడదు. మరి ఆ పనులు ఎవరు చేయాలి? అది ఏ డాక్టరూ చీటీ మీద రాసివ్వలేడు. రాసుకోగలిగింది మీరే.

ఆమె ఇంటికి చేరిన సంగతి తెలియగానే వాడంతా పరామర్శకు కదులుతుంది. బత్తాయిలు, బ్రెడ్డు, హార్లిక్స్ సీసా, కాసేపు కన్నీళ్లు. అందరూ వెళ్లాక ఆమే లేచి టీ గ్లాసులు కడుక్కుంటుంది. పరామర్శ వద్దనడం లేదు. దాన్ని వంతులుగా మార్చమని అడుగుతున్నాం. మీ సంఘంలో పదిమంది ఉంటే ఆరు వారాలకు, అంటే 42 రోజులకు, మనిషికి నాలుగు రోజులు వస్తాయి. ఆ నాలుగు రోజుల్లోనూ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట చాలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాను ఊళ్లోంచి తరిమిన ఆడవాళ్లు ఆ తర్వాత పొదుపు ఉద్యమం నడిపారు. ఊళ్లో ఒక మనిషికి ఆరు వారాలు నీళ్లు మోయడం మీకు మించిన పని కాదని మా నమ్మకం.

ముందు బరువు సంగతి. ఆపరేషన్ అయిన వైపు చేత్తో తొలి నాలుగు నుంచి ఆరు వారాల్లో రెండు కిలోలకు మించి ఎత్తకూడదని మేం చెబుతాం. రెండు కిలోలంటే వంటింట్లో ఎంతో చూడండి. నిండు ప్లాస్టిక్ బిందె 12 నుంచి 15 కిలోలు. తాగునీళ్ల క్యాన్ 20 కిలోలు. సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 కిలోల దగ్గర. ఏడాది పిల్లవాడు 8 నుంచి 10 కిలోలు. తడిసిన దుప్పటి కూడా రెండు కిలోలు దాటుతుంది, పైగా పిండేటప్పుడు మెలితిప్పడం బరువుకంటే చెడ్డది. గంజి వార్చడం మరీ ప్రమాదం. రెండు చేతుల బలమూ కావాలి, ఆవిరి కొడుతుంది, మోచేతి పైన లోపలి వైపు చర్మం మొద్దుబారి ఉంటుంది కాబట్టి కాలినా ఆమెకు వెంటనే తెలియదు. ఆ ఆరు వారాలూ ఎసరు కొలిచి పోసి ఇగిరిపోయేలా అన్నం వండండి, వార్చే అవసరమే రాకూడదు.

బరువు ఎందుకు వద్దంటున్నామో కూడా చెప్పాలి. కారణం తెలియకపోతే పదో రోజుకల్లా "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని ఆమే బిందె అందుకుంటుంది. రొమ్మును, దాంతోపాటు చంకలోని లింఫ్ గ్రంథులను, అంటే మనం బిళ్లలు అనేవాటిని తీసేశాక పైచర్మం లోపలి కండకు మళ్లీ అతుక్కోవాలి. ఆ రెంటి మధ్య ఖాళీలో కొన్నాళ్ల పాటు నీరు ఊరుతుంది. బరువు ఎత్తినప్పుడల్లా కండ లాగుతుంది, అతుకుతున్న చర్మం ఊడుతుంది, నీరు ఇంకా ఊరుతుంది. వారంలో తీసేయాల్సిన గొట్టం మూడు వారాలు ఉండిపోతుంది. గొట్టం ఎన్నాళ్లుంటే అక్కడ చీము పట్టే అవకాశం అంత పెరుగుతుంది.

ఇక ఆ గొట్టం, సీసా. ఇంటివాళ్లు ఎక్కువ భయపడేది దీనికే. నేర్చుకుంటే పది నిమిషాల పని. మీలో ఇద్దరు, డిశ్చార్జి రోజున వార్డుకే వెళ్లి సిస్టర్ ముందు ఒకసారి చేసి చూపించి రండి. చూసి రావడం కాదు, మీ చేత్తో చేసి రావాలి.

ఈ సీసా లోపలి నీటిని పీల్చి లాగే సీసా. దాన్ని అదిమి మూత పెడితే మళ్లీ ఉబ్బడానికి చూస్తుంది, ఆ లాగుడుకే లోపలి నీరు గొట్టంలోకి వస్తుంది. అందుకే సీసా ఎప్పుడూ నొక్కుకుపోయి ఉండాలి. రోజూ ఒకే సమయానికి, పొద్దున ఏడింటికి అనుకోండి, ఖాళీ చేయాలి. చేతులు సబ్బుతో కడుక్కోండి. గొట్టానికున్న క్లిప్పు మూయండి. సీసా మూత తీసి నీటిని కొలత గీతలున్న పాత్రలోకి వంచండి. ఇంట్లో కొలపాత్ర లేకపోతే మెడికల్ షాపులో ఎంఎల్ గీతలున్న పసిపిల్లల పాలసీసా కొనండి, కానీ అది ఇక ఈ పనికే. పాత్రను బల్ల మీద పెట్టి, కళ్లు గీత ఎత్తుకు దించి చదవాలి. పైనుంచి వంగి చూస్తే పది ఎంఎల్ తేడా వస్తుంది, ఆ పది ఎంఎల్ మీదే గొట్టం తీయాలా వద్దా అనేది ఆధారపడుతుంది. తర్వాత సీసాను పూర్తిగా అదిమి, అదిమిన చేయి వదలకుండానే మూత బిగించి, అప్పుడు క్లిప్పు తెరవండి. చాలామంది క్లిప్పు తెరవడం మరిచిపోతారు. రాత్రంతా గొట్టం మూసుకుపోయి ఉంటుంది, పొద్దున్నకు కట్టు తడిసిపోయి ఉంటుంది. కొలిచిన నీటిని మరుగుదొడ్లో పోసి, చేతులు మళ్లీ కడుక్కోండి.

ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, టైము, ఎన్ని ఎంఎల్, ఏ రంగు, జ్వరం ఉందా. ఈ అయిదు చాలు. గొట్టాలు రెండుంటే ఒకటి, రెండు అని ప్లాస్టర్ మీద రాసి అంటించి, దేని లెక్క దానికే రాయండి. రోజులో రెండుసార్లు ఖాళీ చేస్తే రెండూ కూడాలి, ఎందుకంటే డాక్టరుకు కావలసింది 24 గంటల మొత్తం. ఎక్కువ చోట్ల ఆ మొత్తం వరసగా రెండు రోజులు 30 ఎంఎల్ కంటే తక్కువ వస్తే గొట్టం తీస్తారు. కొందరు సర్జన్లు ఈ లెక్క కొంచెం అటూఇటుగా పెట్టుకుంటారు. మీ సర్జన్ ఎంత చెప్పారో అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. రంగు మొదట ఎరుపు, తర్వాత గులాబీ, ఆ తర్వాత లేత పసుపు. ఈ వరస ముందుకే నడవాలి. పసుపైన నీరు మళ్లీ చిక్కటి ఎరుపైతే ఫోన్ చేయాల్సిందే.

మేం ఎక్కువసార్లు చూసే పొరపాటు ఇంకొకటి. నిన్నటి దాకా 80 ఎంఎల్ వచ్చింది, ఇవాళ అయిదే వచ్చింది. ఇంట్లో అందరికీ సంతోషం. నిజంగా తగ్గే నీరు రోజురోజుకూ మెల్లగా తగ్గుతుంది, 80, 65, 50 అలా. ఒక్కసారిగా పడిపోయిందంటే గొట్టంలో రక్తపు గడ్డ అడ్డుపడిందని అనుమానించాలి. గొట్టం చుట్టూ కట్టు తడిగా ఉందా, ఛాతీ ఉబ్బిందా చూడండి. గొట్టాన్ని పిండి గడ్డ దించే పద్ధతి వార్డులో నేర్పి ఉంటేనే చేయండి. ఒక చేత్తో చర్మం దగ్గర గొట్టం కదలకుండా గట్టిగా పట్టుకుని, రెండో చేతి వేళ్లతో సీసా వైపు జార్చాలి. పట్టుకోవడం మరిచి లాగితే గొట్టమే బయటకు వస్తుంది. ఇంకో ఇబ్బంది, సీసా అదిమిన కాసేపటికే ఉబ్బిపోవడం. మూత సరిగా పడలేదేమో మొదట చూడండి. మూత బాగానే ఉంటే గొట్టం కొంత జారి దాని రంధ్రం చర్మం బయట పడి ఉంటుంది, ఆస్పత్రికి వెళ్లాలి. గొట్టం పూర్తిగా ఊడివస్తే మళ్లీ లోపలికి తోయకండి. గాయాలకు కట్టే శుభ్రమైన గాజ్ గుడ్డ పెట్టి అదిమి, ప్లాస్టర్ వేసి, ఫోన్ చేసి బయలుదేరండి.

సీసా ఎప్పుడూ గాయం కంటే కిందే ఉండాలి. దాన్ని దుప్పటికో దిండుకో పిన్ను పెట్టకండి, నిద్రలో ఒత్తిగిలితే లాక్కుపోతుంది. మీ సంఘంలో మిషను కుట్టే ఆమె ఉంటుంది కదా, ఆమె వంతు ఇదే. పాత కాటన్ చీర ముక్కతో జానెడు సంచి, మెడలో వేసుకునేందుకు వెడల్పాటి పట్టీ. సన్నటి నాడా వద్దు, మెడ కోసుకుంటుంది. పట్టీ మరో భుజం మీదుగా రావాలి. రెండు సంచులు కుడితే ఒకటి ఉతికి ఆరేసుకోవచ్చు.

గొట్టం తీసేశాక కూడా కొందరికి చర్మం కింద నీరు చేరుతుంది. చేయి పెట్టి చూస్తే నీళ్ల సంచిలా కదులుతుంది. కొద్దిగా ఉంటే అదే ఇంకుతుంది. బిగుతుగా ఉబ్బితే ఆస్పత్రిలో సూదితో తీస్తారు, చర్మం మొద్దుబారి ఉంటుంది కాబట్టి పెద్దగా నొప్పి ఉండదు. ఊళ్లో ఎవరి చేతా తీయించకండి. గాయం మీద పసుపు, విభూది, ఆకుపసరు, కొబ్బరినూనె ఏదీ వద్దు. కుట్లు తీసి, చర్మం పూర్తిగా మూసుకున్నాక నూనె రాసుకోవచ్చు.

బరువు వద్దన్నామని చేయి కట్టేసి కూర్చోబెట్టే ఇళ్లూ ఉన్నాయి. బిందె ఎత్తించడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. కదలని భుజం మూడు వారాల్లో బిగుసుకుపోతుంది. బిగుసుకుంటే ఏమవుతుందంటే, రేడియేషన్ ఇచ్చేటప్పుడు ఆమె చేయి తలపైకి ఎత్తి కదలకుండా పడుకోవాలి, వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు. చేయి అంత పైకి లేవకపోతే మిషను కింద పడుకోబెట్టలేరు. భుజం సరిచేసుకుని రమ్మంటారు, వైద్యం వెనక్కి జరుగుతుంది. అందుకే వ్యాయామాన్ని మందుబిళ్లతో సమానంగా చూడమంటాం.

గొట్టం ఉన్నన్నాళ్లు మోచేయి భుజం ఎత్తు దాటకూడదు. దిండు మీద చేయి గుండె ఎత్తులో చాపి పిడికిలి మూసి తెరవడం 15 నుంచి 20 సార్లు. మోచేయి మడిచి చాపడం పది. భుజాలు చెవుల వైపు ఎత్తి దించడం పది, వెనక్కి గుండ్రంగా తిప్పడం పది. రోజుకు మూడుసార్లు. అన్నం కలుపుకోవడం, మొహం కడుక్కోవడం, పళ్లు తోముకోవడం ఆ చేత్తోనే చేయనివ్వండి. జడ మీరు వేయండి, చిక్కు మాత్రం అందినంత మేర ఆమెనే తీసుకోనివ్వండి. గొట్టం తీశాక, డాక్టరు సరేనన్నాక గోడ పాకడం మొదలు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో చీమలా పైకి పాకాలి. అందిన చోట బొగ్గుతో గీత పెట్టండి. మర్నాడు ఆ గీత దాటించాలి, ఒక్క వేలు వెడల్పు దాటినా సరే. తర్వాత పడుకుని రెండు చేతులతో కర్ర పట్టుకుని, బాగున్న చేయి సాయంతో తల వెనక్కి తీసుకెళ్లడం. నొప్పి బిళ్ల వేసుకున్న అరగంటకు చేయిస్తే సులువు. చర్మం లాగినట్టు ఉండాలి, అది మంచిదే. పొడిచినట్టు నొప్పి వస్తే ఆపాలి. రొమ్ము మళ్లీ కట్టే ఆపరేషన్ కూడా చేసి ఉంటే ఈ లెక్కలు వేరు, సర్జన్ చెప్పినట్టే నడవండి.

రెండు మూడు వారాలప్పుడు కొందరికి చంక నుంచి మోచేతి దాకా, ఒక్కోసారి మణికట్టు దాకా, చర్మం కింద వీణ తీగలాంటిది బిగుసుకుని కనిపిస్తుంది. చేయి చాపితే లాగుతుంది. నరం తెగిందని ఏడ్చేస్తారు. అదేం కాదు, గ్రంథులు తీసిన చోట ఇది మామూలుగా వచ్చేదే, ఫిజియోథెరపీతో తగ్గుతుంది. నాటు మర్దనకు మాత్రం తీసుకెళ్లకండి.

తిండి దగ్గరికి వద్దాం. ఇక్కడ మాకు మీ అందరి సాయం కావాలి, ఎందుకంటే పథ్యం పెట్టేది డాక్టరు కాదు, అత్తగారు, అమ్మ, పక్కింటి పెద్దావిడ. పప్పు తింటే చీము, గుడ్డు తింటే చీము, వంకాయ దురద, కోడికూర వేడి. చివరకు మిగిలేది చారన్నం, కారప్పొడి, బ్రెడ్డు. కొత్త చర్మం, కొత్త కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి. చారులో అవి లేవు. మూడు వారాలైనా మానని గాయం, నాలుగో వారం కీమో, అంటే క్యాన్సర్ మందు ఎక్కించడం, మొదలుపెట్టలేనంత నీరసం, చాలాసార్లు ఈ పథ్యం నుంచే వస్తున్నాయి. పెద్దావిడలతో వాదన పెట్టుకోకండి. వండి పట్టుకెళ్లండి, ముందు కూర్చుని తినిపించండి.

లెక్క ఇదీ. కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు. 55 కిలోల మనిషికి 55 నుంచి 80 గ్రాములు. రెండు గుడ్లు 12, రెండు కప్పుల గట్టి ముద్దపప్పు 15 దగ్గర, రెండు గ్లాసుల పాలు 12, ఒక కప్పు పెరుగు 5, గుప్పెడు వేరుశనగపప్పు 7, మూడు పూటల అన్నంలో 18 దాకా. కలిపితే 70 దగ్గరికి వస్తుంది. చేపలో, కోడికూరలో వందగ్రాములకు 20 గ్రాముల పైనే ఉంటాయి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడిగి పెట్టాలి. షుగర్ ఉన్నవాళ్లకు పరామర్శ పళ్ల రసాలు గ్లాసులకొద్దీ పోయకండి, షుగర్ పెరిగితే గాయం మానదు. నొప్పి బిళ్లలతో మలబద్ధకం వస్తుంది, ముక్కితే ఛాతీ కుట్లు లాగుతాయి, కాబట్టి నీళ్లు, ఆకుకూరలు, అరటిపండు మరవద్దు.

స్నానం, బట్టలు, పడక. గొట్టం ఉన్నన్నాళ్లు తడిగుడ్డతో నడుము పైభాగం తుడవడమే, నడుము కింద నీళ్లు పోసుకోవచ్చు. తలంటు వేరొకరు పోయాలి. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి తల వెనక్కి వంచి, మెడ చుట్టూ పొడి తువ్వాలు చుట్టి పోయండి. బకెట్ నింపి లోపల పెట్టి, చిన్న చెంబు ఇవ్వండి. ఆపరేషన్ ఎడమ వైపైతే మరుగుదొడ్లో కడుక్కోవడం కష్టమవుతుంది, ఆమె సిగ్గుపడి చెప్పదు. చేత్తో పట్టుకునే చిన్న నీళ్ల పైపు కుళాయికి బిగిస్తే ఆ కష్టం తీరిపోతుంది. నైటీ అయితే ముందు జిప్పు ఉన్నది, చీర కట్టుకోవాలంటే ముందు హుక్కులున్న వదులు జాకెట్టు. ముందుగా ఆపరేషన్ అయిన చేయి తొడగాలి, విప్పేటప్పుడు అది చివర. పడకకు చెక్క మంచం మంచిది. చాప మీద నుంచి లేవాలంటే చేత్తో నేలను నొక్కి లేవాలి. నులక మంచం గుంట పడుతుంది, అందులోంచి లేవడానికీ అంతే. వెల్లకిలా గానీ, మరో వైపు ఒత్తిగిలి గానీ పడుకుని చేయి కింద దిండు పెట్టుకోవాలి. ఉప్పు, పప్పు, కాఫీపొడి డబ్బాలన్నీ పై అరల్లోంచి దించి నడుము ఎత్తుకు, ఛాతీ ఎత్తుకు మధ్య సర్దండి. అరగంట పని, ఆరు వారాల సుఖం.

గాజుల సంగతి మీరు మాట్లాడితేనే బాగుంటుంది. ఆపరేషన్ అయిన చేతికి బిగుతు గాజులు, ఉంగరం, చర్మం మీద గీత పడేంత బిగువు జాకెట్టు చేయి పనికిరావు. చేయి వాస్తే తీయడం కష్టం, ఒత్తిడి పడిన చోట వాపు ఎక్కువవుతుంది. పసుపుకుంకుమలున్న మనిషి చేయి బోసిగా ఉండకూడదని ఆమె బాధపడుతుంది. రెండో చేతికి గాజులన్నీ వేయండి, ఈ చేతికి పసుపుదారం వదులుగా కట్టండి. ఎలాగూ మాటొచ్చింది కాబట్టి చెబుతున్నాం, ఈ జబ్బు అంటుకోదు. కంచం, గ్లాసు, పడక వేరు చేయనక్కర్లేదు. "ఎలా తీశారో చూపించు" అని అడగకండి. ఆమే చూపిస్తే చూడండి. జాకెట్టు ఒక పక్క బోసిగా ఉండటం చాలామందిని గడప దాటనివ్వదు. గాయం మానేదాకా మెత్తటి కాటన్ గుడ్డలో దూది నింపి కుట్టిన తేలికపాటిది పెట్టుకోవచ్చు. బరువున్న సిలికాన్‌ది పూర్తిగా మానాకే.

ప్రయాణాలు చాలా ఉంటాయి. కుట్లు తీయడానికి, గొట్టం తీయడానికి, బయాప్సీ రిపోర్టుకు, కీమోకు. రిపోర్టు సాధారణంగా రెండు వారాల్లో వస్తుంది. దాన్ని తెచ్చి డాక్టరుకు చూపించేదాకా తర్వాతి వైద్యం కదలదు, కాబట్టి ఆ తేదీకి ఒకరి పేరు ముందే రాసి పెట్టుకోండి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు అక్కర్లేదు. తోడు వచ్చేది సంఘం మనిషైతే చార్జీ మిగులుతుంది, భర్త ఆరోజు కూలి పోగొట్టుకోనక్కర్లేదు. ఆధార్ కార్డు మరవకండి. బస్సులో ఆపరేషన్ అయిన వైపు కిటికీకి ఉండేలా కూర్చోబెట్టండి, దారిలో నిలబడ్డవాళ్ల సంచులు తగలవు. పైనున్న రాడ్డు ఆ చేత్తో పట్టుకోనివ్వకండి. సూది, సెలైన్, బీపీ పట్టీ వీలైనంత వరకు రెండో చేతికే అని ఆర్‌ఎంపీకి, ఏఎన్ఎమ్మకు ముందే చెప్పండి.

ఆలస్యం చేయకూడనివి కొన్ని. 100.4 డిగ్రీల జ్వరం, గాయం చుట్టూ ఎరుపు పాకడం, చీము, చెడు వాసన, ఛాతీ గబగబా ఉబ్బడం. ఇవి ఆ రోజే చూపించాలి, తెల్లారనివ్వకూడదు. గంటలోనే సీసా నిండేంత ఎర్రటి రక్తం వచ్చినా, పిక్క వాచి నొప్పెట్టినా, ఊపిరి ఆడకపోయినా 108కి చేయండి. కీమో మొదలయ్యాక జ్వరం వస్తే ఊళ్లో బిళ్ల వేసి చూద్దామనుకోవద్దు, అది ప్రాణం మీదికి తెస్తుంది.

డబ్బు. ఆరు వారాలు ఆమె కూలి లేదు, పొదుపు కట్టలేదు, బ్యాంకు లింకేజీ కిస్తీ, స్త్రీనిధి కిస్తీ మాత్రం ఆగవు. కిస్తీ తప్పితే తోటి సభ్యులకు మొహం చూపించలేక మూడో వారమే పనికి దిగినవాళ్ల భుజాలు తర్వాత బాగుచేయడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఈ రెండు నెలల కిస్తీ సంఘం నిధి నుంచి సర్దుబాటు చేసి, ఆమె తిరిగి సంపాదన మొదలుపెట్టాక మెల్లగా కట్టించుకోండి. ఇది ఆమె బతిమాలితే ఇచ్చేది కాకూడదు. ఆపరేషన్‌కు ముందే తీర్మానం అయి ఉండాలి.

ఆరు వారాల తర్వాత పని మెల్లగా పెంచాలి. పత్తి ఏరడం, మిరప కోత, నాట్లు ఒకేసారి రోజంతా వద్దు. గంటతో మొదలుపెట్టి, సాయంత్రానికి చేయి బరువెక్కిందా చూసుకుని పెంచండి. పత్తికాయ మొనలు, ముళ్లు గీరుకుంటే చేయి వాచే అవకాశం ఉంది, అందుకే నిండు చేతుల చొక్కా, గ్లౌజులు. గీరుకుంటే వెంటనే సబ్బునీళ్లతో కడగాలి. చంకలో బిళ్లలు తీసిన వైపు చేయి ఏళ్ల తర్వాత కూడా వాయవచ్చు, మొదట్లోనే పట్టుకుంటే అదుపులో ఉంటుంది. నెలనెలా సంఘం మీటింగు రోజున బట్టలు కొలిచే టేపుతో రెండు చేతులూ కొలవండి. మణికట్టు దగ్గర, దానికి పది సెంటీమీటర్ల పైన, మోచేతి దగ్గర, దానికి పది సెంటీమీటర్ల పైన. మొదటి కొలత ఆపరేషన్‌కు ముందే తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది, పని చేసే చేయి ఎలాగూ కాస్త లావుంటుంది కదా. రెండు సెంటీమీటర్ల తేడా కొత్తగా వస్తే ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

డిశ్చార్జి రోజున వార్డులో ఈ మూడూ అడిగి తీసుకోకుండా బయటకు రాకండి. గొట్టం ఎన్ని ఎంఎల్‌కు తీస్తారో సర్జన్ చెప్పిన అంకె, రాత్రిపూట కూడా ఎత్తే వార్డు ఫోన్ నంబరు, వ్యాయామాల కాగితం. కాగితం ఇంగ్లీషులో ఉంటే సిస్టర్ చేత తెలుగులో చెప్పించుకుని పక్కనే రాసుకోండి. మీ తర్వాతి మీటింగులో తీర్మానాల పుస్తకం తెరిచినప్పుడు, మొదటి వారం నీళ్లు ఎవరు, వంట ఎవరు, బట్టలు ఎవరు, సీసా ఎవరు, బస్సు ఎవరు అని అయిదు పేర్లు రాయండి.

ఇట్లు,
రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ వార్డుల్లో, ఇళ్ల వద్ద పనిచేసే కొందరు నర్సులు, ఫిజియోథెరపిస్టులు